మడతలో దాచిన నెలలు

ఆ వీధి వాళ్ళు ఆమెను నర్సమ్మ అని పిలవడం ఆమె నర్సు కాకముందే మొదలైంది. అప్పట్లో ఆమె ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయా. మంచాల కింద బేసిన్లు పెట్టడం, తీయడం, దుప్పట్లు మార్చడం, లేవలేని వాళ్ళకు ఒళ్ళు తుడవడం ఆమె పని. సాయంత్రం ఇంటికి వస్తుంటే ఎవరో ఒకరు గుమ్మంలోంచి కేకేసేవారు.

"నర్సమ్మా, మా వాడికి జ్వరం తగ్గలేదు. కాస్త చూసిపోవూ!"

ఆమె చెప్పులు విప్పి లోపలికెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. చూసి, "నేను నర్సుని కాదండీ, ఆయాని" అని చెప్పి మరీ వచ్చేది. "ఏదో ఒకటిలేమ్మా" అనేవారు వాళ్ళు. ఏదో ఒకటి కాదని ఆమెకు తెలుసు. ఆ రెంటి మధ్య దూరమెంతో రోజూ డ్యూటీలో చూస్తూనే ఉండేది.

పెళ్ళయ్యాక, ఆ దూరం కూడా నడిచేస్తే పోలా అన్నది ఆమె భర్తే. అతను టైలరు. ఇంటి ముందుగదే అతని షాపు. వెనక గదిలో అతని తల్లి కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి, అంచులు మడిచేది. నర్సమ్మ కోర్సు చదివినన్నాళ్ళూ పాఠాలు ఒప్పజెప్పించుకున్నది అతనే. పుస్తకాన్ని మిషను మీద నిలబెట్టుకుని, కాళ్ళు ఆడిస్తూనే ప్రశ్నలడిగేవాడు. ఎముకల పేర్లు అతని నోట్లో పడి నలిగి వేరే పేర్లయి బయటికొచ్చేవి. "నాకు బాగా అర్థమైంది కాలర్ బోన్ ఒక్కటే. మేం కాలరు కూర్చోబెట్టే చోటేగా" అనేవాడు. అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసేది. "ఇద్దరిదీ సూది పనే. వాడు గుచ్చితే బట్ట ఏడవదు, నువ్వు గుచ్చితే మనిషి ఏడుస్తాడు. అంతే తేడా."

లైసెన్సు, కడుపు ఒకే వారంలో ఖాయమయ్యాయి. ఇంట్లో అందరికీ సంతోషమే. ఆ సంతోషం కాస్త చల్లారాక అత్తగారే అంది. "ఒకటి ముందు రావాల్సింది, ఒకటి వెనక. రెండూ ఒకేసారి వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నాయి కదే అమ్మాయ్."

ఆ మాటకు నర్సమ్మ నవ్వింది కానీ, ఆమె భయం సరిగ్గా అదే. ఆమెకంటే ముందు చదివిన ఒకామె పెళ్ళి, పిల్లలు అంటూ కొన్నేళ్ళు ఇంట్లో ఉండిపోయి, చివరికి మందుల షాపు కౌంటరు వెనక తేలింది. చదువు ముగియగానే వార్డులో అడుగు పెట్టని వాళ్ళను తర్వాత ఎవరూ నమ్మరు. కాన్పయి, బిడ్డ కాస్త నిలదొక్కుకుని, తాను మళ్ళీ సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని బయల్దేరేసరికి "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" అంటారు. ఆ ప్రశ్న దగ్గర తడబడితే మిగిలేది మళ్ళీ బేసిన్లే. బేసిన్లంటే ఆమెకు చిన్నచూపు లేదు. కానీ అంత కష్టపడి చదివింది వాటి కోసం కాదు. ఏం చేసైనా కాన్పు లోపల ఒక్కచోట నర్సుగా చేరాలి. కొన్ని నెలలైనా సరే. ఇకమీద ఎవరడిగినా ఫలానా చోట చేశాను అని చెప్పుకోవడానికి ఉండాలి.

మొదట్లో ఆమె వెళ్ళిన ప్రతిచోటా నిజమే చెప్పింది. ఎవరూ కాదనలేదు. అదే చిత్రం. ఒక నర్సింగ్ హోమ్‌లో డాక్టరుగారి భార్య ఆమెను ఫ్యాను కింద కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళు తెప్పించి, "ఈ టైములో బాగా పడుకోవాలమ్మా, ఉద్యోగాలెక్కడికి పోతాయి?" అంది. ఇంకోచోట ఐరన్ మాత్రల స్ట్రిప్పు ఒకటి ఊరికే ఇచ్చారు. మరోచోట మేనేజరు ఆమె కడుపు కేసి చూడకూడదన్న మర్యాదతో మాట్లాడినంతసేపూ గోడమీది క్యాలెండరునే చూశాడు. అందరూ కబురు చేస్తామన్నారు.

"ఎలా జరిగింది?" అని అడిగాడు టైలరు, ఆమె నాలుగో చోటునుంచి తిరిగొచ్చాక.

"ఉద్యోగం తప్ప అన్నీ ఇచ్చారండీ."

అతను మిషను ఆపాడు. ఆమె నవ్వించడానికే అంది కానీ, తనే నవ్వలేకపోయింది. చెప్పులు కూడా విప్పకుండా బల్లమీది బట్టల కుప్ప పక్కన కూర్చుంది. కాసేపటికి తనే అంది. "పెద్దాసుపత్రిలో నర్సు కావాలట. తెల్లకోటు వేసుకుని రమ్మన్నారు. ఈసారి నేనేం చెప్పను. ముందు ఆర్డరు చేతికి రానివ్వండి, తర్వాత చూద్దాం."

"కోటు వేసుకుంటే తెలిసిపోతుందిగా."

"తెలీకుండా కుట్టలేరా?"

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ చూపు భర్తది కాదు, టైలరుది. ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అతన్ని అలాంటి పని అడగలేదు. అత్తగారు లోపల్నుంచి "దాచేదేంట్రా, దొంగ సొత్తా?" అంది. అతను వినిపించుకోలేదు. అప్పటికే సుద్దముక్క తీశాడు.

ఆ కోటు కోసం అతను బేరాలన్నీ పక్కన పెట్టాడు. ఎద దిగువనుంచి రెండు వైపులా లోతుగా మడతలు దించాడు. మడతలు విచ్చుకోకుండా లోపలివైపు వరసగా కచ్చాకుట్లు వేశాడు. జేబులను రవ్వంత పక్కకు జరిపాడు, చూసేవాళ్ళ చూపు అటు పోవాలని. వేసుకుని అద్దంలో చూసుకుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. కడుపు ఎటు పోయిందో పోయింది. కాస్త ఒళ్ళు చేసిన, తీరైన నర్సు ఒకామె నిలబడి ఉంది. అతను రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి, "భుజం దగ్గర ఎలా కూర్చుందో చూడు" అన్నాడు. అత్తగారు కూడా లేచొచ్చి కోటు అంచు తిప్పి చూసింది. "పని మాత్రం పనేరా. బుద్ధే బాగాలేదు."

ఆసుపత్రికి టైలరే స్కూటరు మీద దింపాడు. బయట చెట్టు నీడన బండి ఆపుకుని, లంచ్‌బాక్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటర్వ్యూ చేసింది మేట్రన్. బక్కపలుచని మనిషి. మాట తక్కువ. నర్సమ్మను పుస్తకం ప్రశ్నలేమీ అడక్కుండా నేరుగా కట్లు కట్టే గదికి తీసుకెళ్ళింది. అక్కడ మడమ పుండుతో ఉన్న ముసలాయనకు కట్టు మార్చమంది. ఆ గదిలో పనిచేసే నర్సును అందరూ పొడుగు సిస్టర్ అంటారు. ఆవిడ చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. నర్సమ్మ పాత కట్టును లాగలేదు. సెలైన్ నీళ్ళతో తడిపి, అది దానంతట అది వదిలేదాకా ఆగింది. ఆ ఆగినంతసేపూ ముసలాయన్ని కబుర్లలో పెట్టింది.

"అయిపోయిందా?" అన్నాడాయన చివర్న.

"అయిపోయింది తాతయ్యా."

"ఈవిడ చేస్తే పైకప్పు లేచిపోయేలా అరుస్తాను నేను" అన్నాడు పొడుగు సిస్టర్ కేసి గడ్డం చూపించి.

"ఊరికే అరుస్తావు. నేను చెయ్యి వెయ్యకముందే మొదలుపెడతావు" అంది పొడుగు సిస్టర్.

మేట్రన్ నవ్వలేదు కానీ, "రా అమ్మాయ్, వార్డు చూపిస్తాను" అంది. ఆ మాటకు అర్థం ఉద్యోగం ఇచ్చినట్టేనని తెలిసి నర్సమ్మ గబగబా ఆమె వెనకే నడిచింది.

పై అంతస్తులో ఉన్నది క్యాన్సర్ వార్డు. కిటికీల పక్కన వాలుకుర్చీల్లో రోగులు పడుకుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతికీ ఒక్కో సన్నటి గొట్టం. వార్డు చివర అద్దం తలుపు ఉన్న చిన్న గది. లోపల ఒక నర్సు ముసుగు, రెండు జతల గ్లవుజులు వేసుకుని సీసాలోని మందును సిరంజిలోకి తీస్తోంది.

"ఇక్కడే నీ డ్యూటీ. ఆ అమ్మాయి వెళ్ళిపోతోంది. మందు కలపడం నేర్పిస్తారు, తర్వాత రోజూ నువ్వే కలపాలి. రేపే చేరాలి" అంది మేట్రన్.

అద్దం తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది. గర్భిణులు లోపలికి రాకూడదు. ఆ కాగితం లేకపోయినా నర్సమ్మకు తెలుసు. ఆ పాఠం ఒప్పజెప్పించుకుంటూ టైలరు, "కణాలను చంపే మందు అయితే అది రోగిదా, నర్సుదా అని చూసుకోదుగా మరి?" అని అడిగిన సంగతి కూడా గుర్తుంది.

ఆమె చెయ్యి దానంతట అది కడుపు మీదికి పోబోయింది. జేబులో పెట్టుకుంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. వార్డులో రోగుల ముందు ఎందుకు, మెట్ల దగ్గర చెబుదాం అనుకుంది. మెట్ల మీద ఎవరో డాక్టరు ఎదురొచ్చాడు. సరే, కిందికి దిగాక చెబుదాం అనుకుంది. కిందికి దిగారు. మేట్రన్ గది కనిపిస్తోంది. ఆ గదిలో ఆర్డరు మీద సంతకం ఒక్కటే బాకీ. సంతకమయ్యాక చెబితే వేరే వార్డుకి మార్చరా? కొత్తగా చేరినదాన్ని ఆ మాత్రానికే తీసేస్తారా? ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో, అంత అసహ్యంగానూ ఉంది. నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే మేట్రన్ ఆగి వెనక్కి తిరిగి, ఆమెను భుజాలనుంచి మోకాళ్ళ దాకా చూసింది.

"ఈ కోటు ఎవరు కుట్టారు?"

"మా ఆయనండీ" అంది నర్సమ్మ, ఏమీ ఆలోచించకుండా. "టైలరు. బయటే ఉన్నారు."

"పిలువు. మాకు కాంట్రాక్టరు కుట్టించే కోట్లు చూశావా? గోనెసంచులకు చేతులు పెట్టినట్టుంటాయి."

టైలరు లంచ్‌బాక్సుతోనే లోపలికొచ్చాడు. ఎన్ని కోట్లు కుట్టినా, పని చూసి పిలిపించినవాళ్ళు అతనికి అదివరకు ఎవరూ లేరు. మేట్రన్ నర్సమ్మ కోటు మడతను వేలితో తాకి, "ఇంత లావు మడత పెట్టి కూడా ఉబ్బుగా లేదు. ఏం చేశావయ్యా?" అంది.

అతని ముఖం వెలిగిపోయింది. "అదే మేడం కిటుకు!" అంటూ ముందుకొచ్చి వంగాడు. "ఇదిగో, ఇక్కడ లోపల కచ్చాకుట్టు వేశాను. బయటికి తెలీదు. నెలకో వరస విప్పుకుంటూ పోతే సరి. కాన్పు దాకా ఇదే కోటు, ఇంకోటి కుట్టించే పని లే..."

ఆ 'లే' దగ్గర అతని గొంతు ఆగిపోయింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అవతల ఎక్కడో ట్రాలీ చక్రం కిర్రుమంటోంది.

మేట్రన్ అతన్ని వదిలేసి నర్సమ్మను చూసింది. "ఎన్నో నెల?"

"అయిదు నిండుతోందండీ."

"పైన తలుపు మీద ఏం రాసుందో చదివావా?"

"చదివాను."

"చదివి?"

"మీకు చెప్పాలనే అనుకుంటూ నడుస్తున్నానండీ."

"నడుస్తూనే ఉన్నావు" అంది మేట్రన్. ఆమె గొంతు పెరగలేదు. "నన్ను మోసం చేశావని కాదమ్మా నా కోపం. ఆ మందు చిమ్మి మీద పడితే? సంగతి నాకు తర్వాత తెలిస్తే నేను ఏ ముఖం పెట్టుకుని బతకాలి?"

"తప్పు నాది మేడం" అన్నాడు టైలరు. "కోటు నేను..."

"కుట్టమన్నది నేను" అంది నర్సమ్మ.

"ఉన్న ఖాళీ అదొక్కటే. వెళ్ళి రండి" అంది మేట్రన్. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

బయట గేటు పక్కన సిమెంటు బెంచీ ఉంది. ఇద్దరూ దాని మీద కూలబడ్డారు. టైలరు లంచ్‌బాక్సు మూతను తిప్పుతూ, మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు.

"ఊళ్ళో వాళ్ళ బట్టలన్నీ కుట్టాను. నా నోరు కుట్టుకోవడం చేతకాలేదు" అన్నాడు చివరికి.

"ఊరుకోండి."

"నాలుగు తిట్టు. తిడితే నాకు బాగుంటుంది."

"మీరు అనకపోతే నేను చెప్పి ఉండేదాన్నో లేదో నాకే తెలీదు" అంది నర్సమ్మ. "ఆవిడ గది తలుపు చూడగానే, సంతకమయ్యాక చెబుదాంలే అనిపించింది. నిజంగా అనిపించిందండీ. అంతకంటే ఏం చెప్పను?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. లంచ్‌బాక్సు మూత తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఏడుస్తూనే ఆమె రెండు ముద్దలు తింది. ఆకలి ఆగేట్టు లేదు మరి.

ఇంతలో గేటులోంచి పొడుగు సిస్టర్ బ్యాగు తగిలించుకుని బయటికొచ్చింది. వీళ్ళను చూసి ఆగింది.

"కోటు నువ్వేనా? ఆసుపత్రంతా అదే కబురు. వంటగదిలో కూడా అనుకుంటున్నారు." నవ్వబోయి, నర్సమ్మ కళ్ళు చూసి ఆ నవ్వు దిగమింగుకుంది. బెంచీ చివర కూర్చుంది. "నీకు రాసిపెట్టి లేదనుకో. కానీ నా కడుపు మండిపోతోంది తెలుసా? ఆ వార్డు నేనెన్నిసార్లు అడిగానో! అక్కడ పని నేర్చుకుంటానంటే, నువ్వు వెళ్తే కట్ల గదిలో ఎవరుంటారమ్మా అంటుంది మేట్రన్. కొత్తవాళ్ళకైనా ఇస్తుంది కానీ నన్ను మాత్రం కదలనివ్వదు."

నర్సమ్మ తినడం ఆపింది. "ఎవరూ దొరక్కేనా?"

"దొరికిన వాళ్ళు నిలబడరు. ఆ పుళ్ళు, ఆ వాసన, ఆ అరుపులు. ఇంతకుముందు ఒకమ్మాయి చేరిన పూటే వాంతి చేసుకుని పోయింది."

"నాకు వాంతులు మూడో నెలతోనే ఆగిపోయాయండీ" అంది నర్సమ్మ.

పొడుగు సిస్టర్ ఆమెను తేరిపార చూసింది. నర్సులు రోజూ ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకుంటారు. పెళ్ళికెళ్ళాలంటే, పిల్లాడికి పరీక్షలంటే, నా రాత్రి నువ్వు చెయ్యి, నీ పగలు నేను చేస్తా అంటారు. ఇద్దరూ ఒప్పుకుని వెళ్తే మేట్రన్ మామూలుగా కాదనదు. కానీ ఇంకా ఉద్యోగమే రాని మనిషి డ్యూటీ మార్చుకోవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎరగరు.

"నన్ను లాగకు తల్లీ" అంది పొడుగు సిస్టర్. అంటూనే బ్యాగు భుజానికి సర్దుకుని లేచి, మళ్ళీ గేటు లోపలి వైపు తిరిగింది.

నర్సమ్మ కూడా లేచి, భర్త వైపు తిరిగింది. "కత్తెర ఉందా?"

దారాలు తెంపే చిన్న కత్తెర లేకుండా అతను ఇల్లు కదలడు. అడిగింది ఎందుకో అతనికి అర్థమైంది. బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కోటు అంచు తిప్పి, కచ్చాకుట్లు ఒక్కొక్కటే తెంపాడు. దారప్పోగులు లాగి పారేశాడు. మడతలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఆమె కడుపు ఉన్నంత ఉన్నట్టు కనిపించింది.

"మీరూ వస్తారా?"

"అమ్మో, నేను రాను. నన్నెవరైనా ఇంకేదైనా మెచ్చుకుంటే ఇంకేం చెప్పేస్తానో."

మేట్రన్ వాళ్ళిద్దరినీ గుమ్మంలో చూసి కళ్ళజోడు తీసింది. నర్సమ్మ కూర్చోలేదు. "మేడం, సిస్టర్‌గారు క్యాన్సర్ వార్డుకి వెళ్తానంటున్నారు. కట్ల గది నాకివ్వండి."

"నీకు ఉద్యోగమే లేదు. బదిలీ అడుగుతున్నావా?"

"అవునండీ."

మేట్రన్ పొడుగు సిస్టర్ కేసి తిరిగింది. "నువ్వేమంటావు?"

"తాతయ్య కట్టు ఆ అమ్మాయి ఎలా విప్పిందో మీరూ చూశారుగా మేడం. నేనలా ఆగలేను. ఆ మాట ఆయనే చెబుతాడు."

"నాలుగు నెలలకు కాన్పు. అప్పుడు నేను మళ్ళీ వెతుక్కోవాలి. అది ఆలోచించావా?"

"ఆలోచించానండీ" అంది నర్సమ్మ. "నన్ను అంతవరకే తీసుకోండి. ఆ నెలల్లో మీరు వెతుక్కోవచ్చు. కాన్పయ్యాక ఖాళీ ఉంటే పిలవండి, లేకపోతే లేదు. నేను వార్డులో పనిచేశానని చెప్పుకోవడానికి నాకు అది చాలు."

మేట్రన్ ఆమె కడుపు వైపు సూటిగా చూసింది. ఇన్ని చోట్ల తిరిగినా, అలా మొహమాటం లేకుండా చూసినవాళ్ళు నర్సమ్మకు తగల్లేదు.

"తాత్కాలికం. కాన్పు దాకా. తర్వాత సంగతికి నేను మాటివ్వను."

"అడగడానికి రావచ్చా?"

"ఇప్పుడు రావద్దంటే ఆగావా?" అంది మేట్రన్, కళ్ళజోడు పెట్టుకుంటూ. "బరువులు ఎత్తకు. నీరసంగా ఉంటే నడుస్తూ ఆలోచించకు, నోరు తెరిచి చెప్పు. రేపు పొద్దున్నే రా."

ఆమె బయటికొచ్చేసరికి టైలరు స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. లేచిన జుట్టు, చెమట పట్టిన ముఖం. ఏమైందని అడగడానికి కూడా భయపడుతున్నాడు.

"రేపు రమ్మన్నారు" అంది. "కట్లు కట్టే గదిలో. కాన్పు దాకా."

అతను తలూపాడు. ఇంకోసారి ఊపాడు. ఏదో అనబోయి మింగేశాడు. నోటిమీద అతనికింకా నమ్మకం కుదిరినట్టు లేదు. కాసేపటికి అడిగాడు.

"రోజంతా నిలబడేనా? కూర్చోవడానికేమైనా ఉందా?"

"స్టూలుంది. ఒక కాలు పొట్టి."

"ఊగుతుందా?"

"కాస్త."

"ఎంత పొట్టి?"

ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఎడం పట్టి చూపించింది. అతను జేబులోంచి టేపు తీసి, ఆ ఎడం మీద పెట్టి, కళ్ళు చికిలించి కొలత చూశాడు. అతను చూడ్డం అయ్యేదాకా ఆమె వేళ్ళు కదల్చలేదు.